తెనాలిలో నాన్నగారి సైకిల్ షాపు: గేరు సైకిళ్ల రిపేరు మొదలుపెడితే నడుస్తుందా?

తెనాలి_సైకిల్:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి తెనాలిలో సైకిల్ షాపు ఉంది. నా చిన్నప్పుడు అద్దె సైకిళ్లు ఇచ్చేవారు, గంటకింత అని నోటు పుస్తకంలో రాసుకుని, బాగా తెలిసినవాళ్లకైతే రాత్రికి కూడా. ఇంటింటికీ బైకులొచ్చాక అద్దెలు పోయాయి, అమ్మకాలూ రిపేర్లూ మిగిలాయి. నేను మెకానికల్ డిప్లొమా చేసి గుంటూరులో కొన్నాళ్లు పనిచేసి, ఇప్పుడు షాపే చూసుకుందామని వచ్చేశాను.

మాకు వచ్చేవాటిలో ఎక్కువ 22 అంగుళాల నల్ల సైకిళ్లే. పాలు పోసేవాళ్లవి, పొలాలకి వెళ్లే పెద్దవాళ్లవి. తర్వాత బడిపిల్లల సైకిళ్లు, అప్పట్లో బడికొస్తా పథకంలో హైస్కూల్ ఆడపిల్లలకి ఇచ్చినవి కూడా ఇంకా అడపాదడపా వస్తుంటాయి. వీటి మీద నాన్నగారి పనికి తిరుగులేదు. ఓవరాయిలింగ్‌కి ఇస్తే బాల్సు, కోన్లు, కప్పులు అన్నీ విప్పి కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి సాయంత్రానికల్లా ఇచ్చేస్తారు. చిక్కంతా గేరు సైకిళ్లతోనే. డిస్క్ బ్రేకులు, సస్పెన్షన్ ఉన్నవి రోజూ కనిపిస్తున్నాయి, సగం ఆన్‌లైన్‌లో కొన్నవే. అట్టపెట్టెలో సగం బిగించి వస్తుంది, దాన్ని ఆటోలో వేసుకొచ్చి మా గుమ్మంలో దించి "కాస్త బిగించి ఇవ్వండి" అంటారు. వంద అడిగితే మొహం చిట్లిస్తారు. నాన్నగారేమో వేరే చోట కొన్న బండి మనం ముట్టుకోవద్దు అంటారు. నాకేమో ముట్టుకోవాలనే ఉంది, ఆ పనే నేర్చుకుని దాని మీదే నిలబడాలని ఉంది.

చేతిలో లక్షన్నర దాకా ఉంది. ఆ డబ్బుతో కొత్త గేరు సైకిళ్లు తెచ్చి పెట్టాలా, పనిముట్లు కొనాలా? తెనాలి లాంటి ఊళ్లో గేరు సైకిల్ రిపేరు మీద కుటుంబం గడుస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

స్పోక్_కీ:

తమ్ముడూ, నాది హైదరాబాద్‌లో చిన్న షాపు, మా నాయన కూడా నల్ల సైకిళ్లతోనే మొదలుపెట్టాడు, అందుకే నీ పోస్టు చూసి వెంటనే రాస్తున్న. మొదటి మాట, లక్షన్నరతో కొత్త సైకిళ్లు తేవద్దు. ఆ డబ్బుకి వచ్చేది గట్టిగా పది పదిహేను బండ్లు. వాటిలో సైజు కుదరక రెండు, రంగు నచ్చక రెండు దుమ్ము పట్టి నిలబడతయి, అదే మోడల్ ఆన్‌లైన్‌లో నీ కొనుగోలు రేటుకే కనిపిస్తది. కస్టమర్ ఫోన్ తీసి నీకే చూపిస్తడు. ఆ బేరంలో చిన్న షాపు గెలవదు. గెలిచేది చేతి పనిలో.

అట్టపెట్టె సైకిళ్ల గురించి మీ నాన్నగారి కోపం నాకు అర్థమయితది, కానీ ఆ పెట్టే నీకు మొదటి బేరం. ఇంట్లో బిగించుకున్నవి ఎట్లుంటయో నేను చూస్తూనే ఉంట. ఫోర్కు వెనక్కి తిప్పి బిగించినవి వస్తయి, ముందు బ్రేకు ఫ్రేము వైపుకి ఉంటది, పిల్లవాడు దాని మీదే తొక్కుతుంటడు. పెడల్ సంగతి ఇంకా ఎక్కువ. ఎడమ పెడల్‌కి ఎదురు మర ఉంటది, అది తెలియక పానా పెట్టి బలంగా తిప్పుతరు, అల్యూమినియం క్రాంకు (పెడల్ బిగించే చెయ్యి) లోపలి మర మొత్తం లేచిపోతది. హ్యాండిల్‌ని పట్టే స్టెమ్ బోల్టులు ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు. అందుకని "బిగించడం" అని చెప్పకు, "బిగింపు, పూర్తి చెకింగ్" అని బోర్డు మీద రాయి, ఏమేం చూస్తవో కింద రాయి: చక్రాల బెండు, బ్రేకులు, గేర్లు, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు), పెడళ్లు, గాలి. రేటు కూడా రాయి. పని కనబడితే డబ్బు అడగడానికి నోరు లేస్తది. వంద రూపాయల బిగింపు అంటే బేరమాడతరు, నాలుగొందల చెకింగ్ అంటే ఏమేం చేస్తవని అడుగుతరు. అడగనీ, చెప్పు, చూపించు.

ఇక పనిముట్లు. నాన్నగారి దగ్గర పానాలు, సుత్తి, కటింగ్ ప్లేయర్, స్పోక్ కీ ఉంటయి, క్రాంకుని పట్టే కాటర్ పిన్ను కొట్టే అలవాటూ ఉంటది. గేరు బండికి క్రాంకు సుత్తితో రాదు, క్రాంక్ పుల్లర్ కావాలి. వెనక చక్రం పళ్లు రెండు రకాలు: చవక బండ్లకు మర మీద ఎక్కే ఫ్రీవీల్, కొంచెం మంచి బండ్లకు హబ్ మీద జారించి ఎక్కించే క్యాసెట్. రెండింటికీ వేరు వేరు రిమూవర్లు. చైన్ కట్టర్, 6, 7, 8 స్పీడుల చైనుకి ఒక రకం, 9కి ఒక రకం, 10కి ఒక రకం లింకులు, కేబుల్‌ని నలగకుండా కోసే కట్టర్, అలెన్ కీ సెట్టు, మీటరున్న నిలువు పంపు, రిపేరు స్టాండు. బోల్టు ఎంత బిగువుకి ఆగాలో చూపించే చిన్న టార్క్ రెంచ్ ఒకటి, స్టెమ్ బోల్టులు చాలావాటికి 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగాలి, కార్బన్ హ్యాండిల్ అయితే చెయ్యి అంచనా పనికిరాదు. తర్వాత డిరెయిలర్ హ్యాంగర్ గేజ్, అంటే చైనుని ఒక పన్ను నుంచి ఇంకోదానికి జరిపే డిరెయిలర్‌ని ఫ్రేముకి పట్టే ముక్క వంగిందో లేదో చూసి సరిచేసేది. దీని గురించి ఎవరూ చెప్పరు, గేర్లు సెట్ కావడంలేదని వచ్చే బండ్లలో చాలావాటికి అసలు రోగం స్క్రూలలో ఉండదు, బండి ఒకసారి కుడివైపు పడి ఆ హ్యాంగర్ లోపలికి వంగి ఉంటది. దాన్ని సరిచేయకుండా స్క్రూలు ఎంత తిప్పినా గేరు ఒక రోజు నిలుస్తది, మర్నాడు పోతది. ఇది పట్టుకున్నవంటే ఊళ్లో నీకు పేరు వస్తది.

వీల్ బెండు తీసే స్టాండు మంచిది కొను. నాన్నగారికి ఫోర్కులో పెట్టి వేలితో చూసి తీసే పని వస్తది కాబట్టి ఇద్దరి పనీ కలుస్తది అక్కడ. పాత మేస్త్రీ చేతికి స్టాండు ఇస్తే ఆ వీలు ఎట్లా తిరుగుతదో చూడు.

హైడ్రాలిక్ బ్రేకులు (తీగ బదులు నూనెతో పనిచేసేవి) మొదట్లోనే ముట్టుకోకు. షిమానో కంపెనీ బ్రేకులకి మినరల్ ఆయిల్, స్రామ్‌లో చాలావాటికి డాట్ ఆయిల్, ఒకదానిలో ఒకటి పోస్తే లోపలి సీళ్లు పోతయి. మీ ఊళ్లో కనబడే బండ్లలో ఎక్కువ తీగతో పనిచేసే డిస్కులే, అవి ముందు చేతికి రానీ.

బీచ్‌రోడ్డు_రైడర్:

నేను వైజాగ్, షాపు లేదు, కస్టమర్ వైపు నుంచి చెప్తాను. బ్రెవేలు తొక్కుతాను, అంటే 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో, 300 అయితే 20 గంటల్లో, 400 అయితే 27, 600 అయితే 40 గంటల్లో పూర్తిచెయ్యాలి. ఇందులో గెలుపోటములు ఉండవు, టైములో వచ్చామా లేదా అంతే. రాత్రంతా రోడ్డు మీదుండాలి కాబట్టి లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లకి మంచి మెకానిక్ దొరికితే ఊరు దాటి అయినా వెళ్తారు, నేను వెళ్తాను. తెనాలికి విజయవాడ, గుంటూరు రెండూ దగ్గరే కదా, ఆ రెండు ఊళ్లలోనూ పొద్దున్నే తొక్కేవాళ్లు బాగా పెరిగారు.

మాలాంటివాళ్లు షాపులో వెతికేది ఇది. బండి ఇచ్చినప్పుడు ఏం చేస్తారో, ఎంతవుతుందో ముందే చెప్పాలి. పాత పార్టు మార్చితే ఆ పాతది చేతికివ్వాలి. సాయంత్రానికి ఇస్తానంటే సాయంత్రానికి ఇవ్వాలి, కాకపోతే ముందే ఫోన్ చేయాలి. పెద్ద షోరూముల్లో నాకు ఈ మూడూ ఒకేచోట దొరకలేదు.

చైను గురించి ఒక్కటి రాస్తాను. స్పోక్_కీ గారు చైను ఎంత సాగిందో చూసే చైన్ చెకర్ రాయలేదు, ఉంటే మంచిదే, లేకపోతే స్టీలు స్కేలు చాలు. కొత్త చైను మీద ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడితే 12 పూర్తి లింకులు (ఒక లోపలి ముక్క, ఒక బయటి ముక్క కలిపి ఒకటి) సరిగ్గా 12 అంగుళాలు. అది 12 మీద 1/16 అంగుళం దాటిందంటే చైను అరిగిపోయినట్టే, వెంటనే మార్చాలి. మార్చకుండా తొక్కితే ఆ సాగిన చైను క్యాసెట్ పళ్లను తినేస్తుంది, అప్పుడు కొత్త చైను వేసినా పళ్ల మీద జారుతుంది, రెండూ కొనాలి. కస్టమర్ ముందే స్కేలు పెట్టి చూపించండి. అమ్మడానికి చెప్తున్నారన్న అనుమానం అక్కడితో పోతుంది.

మా దగ్గర ఉప్పు గాలి వల్ల కేబుళ్లు, బోల్టులు తొందరగా తుప్పు పడతాయి. మీకు కాలవ గట్ల మట్టి, వానాకాలం బురద. చైను కడగడం, ఆరబెట్టడం, లూబ్ వేయడం అని నెలకోసారి చేసే చిన్న సర్వీసు పెట్టండి. నూనె కొట్టేటప్పుడు డిస్కుకి గుడ్డ కప్పాలని మాత్రం షాపులో అందరికీ చెప్పండి. ఒక్క చుక్క పడినా ప్యాడ్లు పీల్చుకుంటాయి, ఇక బ్రేకు అరుస్తుంది కానీ పట్టదు.

పాతబజార్_సైకిల్స్:

బాబూ, అందరూ రైడర్లు రైడర్లు అంటున్నారు, నేను ఇంకోమాట చెప్తాను. మాది గుంటూరు వైపు షాపు. పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని తొక్కేవాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్లు నెలకోసారి వస్తారు. మీ ఇంటి బియ్యం మాత్రం పంచరు, ట్యూబు, బడిపిల్లల బండి, పాలవాడి బండి ఇస్తాయి. ఎండాకాలం సెలవుల నుంచి బడి తెరిచేదాకా పిల్లల సైకిళ్ల సీజను, అది వదులుకున్న షాపు మిగతా ఏడాదంతా వెతుక్కోవాలి. కాబట్టి నాన్నగారి పని తగ్గించి నీ పని పెంచుతానంటే ఒప్పుకోను. పక్కన పెట్టుకో, మార్చెయ్యకు.

ఇంకోటి, నల్ల సైకిల్ సామాను దొరకడం కూడా కష్టమవుతోంది. అట్లాస్ వాళ్లు 2020 జూన్ 3న సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆపేశారు, అది ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజు, నాకు బాగా గుర్తు. ఇక మిగిలిన పెద్ద కంపెనీలు లుధియానా వైపు, మద్రాసు వైపు. ఏ సామాను ఎవరి దగ్గర ఇంకా వస్తోందో హోల్‌సేల్ వాళ్లని అడిగి రాసిపెట్టుకో. గేరు సైకిల్ సామాను మొత్తం కొనకు, ముందు ట్యూబులే ఉంచు: 26, 27.5, 29, 700సి, పిల్లల సైజులు. సన్న వాల్వు ట్యూబులు కొన్ని. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీదా సామాను మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది, పాత రేటు మీద బిల్లు ఇచ్చేవాళ్లుంటే చూసుకో.

అట్టపెట్టె బండ్ల విషయంలో నేనూ మీ నాన్నగారి పక్షమే ఉండేవాణ్ణి, ఈమధ్య తీసుకుంటున్నాను. కారణం ఒకటే, ఆ ఇంట్లోవాళ్లు తర్వాత పంచరుకీ, సీటుకీ, తమ్ముడి బండికీ మన దగ్గరకే వస్తున్నారు.

డేవిస్_తెలుగు:

కాలిఫోర్నియాలోని డేవిస్ నుంచి రాస్తున్నాను. చదువుకి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. సైకిళ్ల కోసం రోడ్డు మీద విడిగా గీత గీసిన మొదటి అమెరికా ఊరు ఇదే, 1967లో. యూనివర్సిటీలో బైక్ బార్న్ అని విద్యార్థులే నడిపే రిపేరు షాపు ఉంది, పాత పశువుల కొట్టంలాంటి కట్టడంలో. మా తెలుగు పిల్లలు చాలామంది ఇండియాలో స్కూటీ తప్ప తొక్కనివాళ్లు, ఇక్కడికొచ్చాక సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనుక్కుని అలాంటి షాపుల చుట్టూ తిరుగుతారు.

ఇక్కడి షాపుల్లో లేబర్ చార్జీలు గోడ మీద రాసి ఉంటాయి. ట్యూబు మార్చడం ఇంత, వీల్ బెండు ఇంత, పూర్తి ట్యూనప్ ఇంత. ట్యూబు ధర వేరు, చేతి పని ధర వేరు. మనవాళ్లకి మొదట్లో అది గుచ్చుకుంటుంది, ట్యూబు కంటే పనికి ఎక్కువ ఎందుకు అని. కానీ షాపు నిలబడేది ఆ రెండో ధర మీదే. 2020, 2021లో ఇక్కడ సైకిళ్లు దొరకనే లేదు, అంత గిరాకీ. ఆ ఊపులో అందరూ విపరీతంగా ఆర్డర్లు పెట్టారు, సరుకు వచ్చేసరికి గిరాకీ తగ్గింది, 2023కల్లా గోదాములు నిండిపోయి పెద్ద కంపెనీలే సగం ధరలకి అమ్ముకున్నాయి. ఇంగ్లండ్‌లో విగిల్ చైన్ రియాక్షన్ అంతటి ఆన్‌లైన్ దుకాణం ఆ ఏడాదే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. నిల్వ సరుకు మీద బతికినవాళ్లకి దెబ్బ గట్టిగా తగిలింది, రిపేరు బల్ల ఉన్న చిన్న షాపులకి మాత్రం గిరాకీ సమయంలో కొన్న ఆ బండ్లన్నీ సర్వీసుకి వచ్చాయి. కాబట్టి మీ లక్షన్నర పనిముట్ల మీద పెట్టండి అన్నవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

హబ్_మోటార్:

ఎవరూ ఎలక్ట్రిక్ సైకిళ్ల మాట ఎత్తలేదు. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నవాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. అందుకే చిన్న ఊళ్లలో కూడా పెద్దవాళ్లు కొంటున్నారు. వీటిలో చాలావాటికి మోటారు వెనక చక్రం హబ్‌లోనే ఉంటుంది, వైరు ఇరుసులోంచి బయటికొస్తుంది. పంచరైతే చక్రం విప్పాలి, విప్పాలంటే వైరు కనెక్టరు తీయాలి, ఇరుసు తిరగకుండా పట్టే టార్క్ వాషర్ మళ్లీ సరిగ్గా అదే వైపు కూర్చోబెట్టాలి. అది వదులైతే ఇరుసు తిరిగి వైరు తెగుతుంది. అందుకే చాలా పంచరు షాపులు మా వల్ల కాదని పంపేస్తున్నాయి. నువ్వు ఆ ఒక్క పని నేర్చుకుని గోడ మీద రాసిపెడితే చాలు. బ్యాటరీ లోపలికి మాత్రం పోవద్దు, అది విప్పే పని కాదు, కంపెనీకే పంపు.

వెనక ఇరుసు గురించి ఇంకోటి. చవక గేరు బండ్లలో ఫ్రీవీల్ హబ్ ఉంటుంది, కుడివైపు బేరింగు ఫ్రీవీల్‌కి లోపలగా కూర్చుంటుంది కాబట్టి బయటికి పొడుచుకొచ్చిన ఇరుసు ముక్క మీద బరువంతా పడి వంగుతుంది, బరువైన మనిషైతే విరుగుతుంది కూడా. వెనక చక్రం ఊగుతోందని వస్తే కోన్లు బిగించి పంపకుండా ఇరుసు తీసి గాజు పలక మీద దొర్లించి చూడు. కొత్త ఇరుసు చవకే.

తెనాలి_సైకిల్:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. రాత్రి నాన్నగారికి అన్నీ చదివి వినిపించాను. పాతబజార్ గారి మాటలకి తల ఊపారు, ఎడమ పెడల్ మర సంగతి దగ్గర మాత్రం "మన నల్ల సైకిల్‌కీ అంతే కదరా" అన్నారు. రేట్లు బోర్డు మీద రాయడానికి ఇంకా ఒప్పుకోలేదు, పాత కస్టమర్లు ఏమనుకుంటారోనని ఆయన బెంగ. స్పోక్_కీ అన్నా, రెండు అడగాలి. హ్యాంగర్లు ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం కదా, అన్నీ స్టాక్ పెట్టడం ఎలా? ఆ బోర్డు విషయం ఏం చేయమంటారు?

స్పోక్_కీ:

హ్యాంగర్లు అన్నీ పెట్టలేవు, పెట్టొద్దు. నీ దగ్గరికి వచ్చే ప్రతి గేరు బండికీ హ్యాంగర్ ఫోటో, బ్రాండు, మోడల్ ఫోన్‌లో దాచుకో. కొద్ది నెలల్లో మీ ఊళ్లో ఏ నాలుగైదు రకాలు తిరుగుతున్నయో నీకే తెలుస్తది, అవే తెప్పించు. విరగనివాటిని గేజ్‌తో నిదానంగా వంచితే చాలావరకు సరిపోతది. అల్యూమినియం కాబట్టి ఒకే చోట పదేపదే అటూ ఇటూ వంచకు, పగులు వస్తది.

బోర్డు రెండు పెట్టు తమ్ముడూ. నాన్నగారి పక్కన ఏ బోర్డూ వద్దు, ఆయన కస్టమర్లు ఆయన రేటు, ఎప్పట్లాగే. నీ స్టాండు దగ్గర గేరు సైకిళ్ల బోర్డు. అందులో మొదటి వరుసలో పెట్టె బండి చెకింగ్ రాయి, చివర ఎలక్ట్రిక్ బండి పంచరు రాయి, హబ్_మోటార్ గారు చెప్పింది మంచి ఆలోచన, నేను కూడా ఇక్కడ పెడుతున్న. పనిముట్ల లిస్టు రాసుకున్నాక ఇక్కడ పెట్టు, ఏది మంచి క్వాలిటీ తీసుకోవాలో, ఏది చవకది చాలో చెప్త. క్రాంక్ పుల్లర్, ఫ్రీవీల్ రిమూవర్లు మాత్రం చవకవి కొనకు, వాటి మర పోతే కస్టమర్ క్రాంకు కూడా పోతది.